అడ్డం తిరిగిన ఆరు

జనరల్ బజారులో లైనింగులమ్మే సేఠు
గజం కొలుస్తూ అన్నాడు:
"బుక్రం అనుకునేరు, ఇది ఫ్యూజిబుల్ వెబ్.
ఇస్త్రీ తగిలేదాకా ఒట్టి కాగితమే,
తగిలినాక మీ చేతిలో ఉండదు."
విప్పి చూస్తే
ఒక పక్క కాగితం,
ఒక పక్క ఎండిన సాలెగూడు.

వారాసిగూడలో నా మిషను కింద
అండాలమ్మ ఇచ్చిన సంచి
పదిరోజులుగా కాళ్ళకు తగులుతోంది.
మూడు ఖాకీ చొక్కాలు, ఒక తెల్ల తువ్వాలు,
ఎన్ని ఉతుకులకూ డీజిలు వాసన విడవని పాంటు.
లింగమూర్తి ఇరవై ఏడేళ్ళు నడిపిన బస్సు
బొంత నడిమధ్యన కావాలట.
"కప్పుకుంటావా, గోడకు తగిలిస్తావా?"
"కప్పుకుంట. గోడకు ఫోటో ఉన్నది గద."

నాకు కుట్టు నేర్పిన నర్సుబాయి అత్త
అంచు మడవకపోతే స్కేలుతో కొట్టేది.
పావంగుళం లోపలికి మడిచి, గోటితో గీరి,
కుట్టు ఎక్కడుందో కుట్టినదానికే తెలియాలి.
"మడవని అంచంటే
ఇంటి గుట్టు వీధిలో ఆరేసినట్టే" అనేది.

అత్తా, నేను మడవలేదు.
తొమ్మిది కిటికీలు, రెండు చక్రాలు,
బొటనవేలంత హారన్,
ఇంత మందం ఖాకీ ఎక్కడని మడవను?
కాగితం మీద గీశాను,
గుడ్డ వెనక అంటించాను,
గీత మీదుగా కత్తిరించాను,
కాగితం వలిచాను.
వేడి పెట్టేటప్పుడు రుద్దకూడదు,
జ్వరం చూడ్డానికి నుదుటి మీద చెయ్యి పెట్టినట్టు
ఆనించి, పది లెక్కపెట్టి, లేపాలి.

మూడో కిటికీ బోర్లా పెట్టాను.
జిగురంతా ఇస్త్రీపెట్టె అడుక్కి అంటుకుంది.
పాత పేపరు మీద ఉప్పు పోసి
దాన్ని రుద్దుతుంటే కరెంటు పోయింది.

నంబరు తువ్వాలులోంచి తీశాను.
ఎనభై ఆరు.
వెనక నుంచి గీసేది తిరగేసి గీయాలని
కిటికీలకు అక్కర్లేకపోయింది, చక్రాలకూ అక్కర్లేకపోయింది,
నంబరు దగ్గర మరిచాను.
ఎనిమిది మంచిది, ఎటు తిప్పినా ఎనిమిదే.
ఆరు అడ్డం తిరిగింది,
తోక ఎడమ దిక్కుకి.
పీకబోతే ఖాకీ పోగుల్ని కూడా తెస్తోంది.
సేఠు మాట.

ఆ వారమంతా నల్లా నీళ్ళ సాకుతో
అండాలమ్మను రానివ్వలేదు.
వచ్చిన రోజు
బొంత మీద చెయ్యి ఆనించింది, రుద్దలేదు.
ఆరు దగ్గర ఆగింది.
నేను తువ్వాలు ఇంకా మిగిలిందని,
పైన ఇంకో ముక్క వేస్తానని మొదలుపెట్టాను.

"డిపో ఎదురుంగ అద్దాల దుకాణముండె" అంది.
"పొద్దుగాల టిఫినుడబ్బ వట్టుకొని నిలవడితే
బస్సు మలుపు తిరగకముందే
ఆ అద్దంల కనవడేది.
గిట్లనే, తోక గటు దిక్కు.
ఉండనియ్యి."

అద్దంలో అయితే
ఆరు ముందు రావాలి, ఎనిమిది వెనక.
ఆమెకు గుర్తు తప్పిందో,
నా మొహం చూసి అన్నదో.
నేను అడగలేదు.

అంచు చుట్టూ మిషను కుట్టు వేశాను.
జిగురు సూదికి పట్టి దారం రెండుసార్లు తెగింది.

రెండు నెలలకు వాళ్ళ దాబా మీద చూశాను,
తీగ మీద తడి బొంత.
ఉతుకుడికి అంచులన్నీ లేచాయి,
బస్సు చుట్టూ సన్నని నూగు,
ఆరుకు మరీ ఎక్కువ.
కత్తెర తెస్తానన్నాను.
"ఎందుకూ" అంది.
ఒక పోగు మెల్లగా లాగి
వేలికి చుట్టుకుంటూ,
బాకీ ఎనభై రూపాయలు కాదు, డెబ్బయ్యేనని
నాతో పోట్లాడింది.